132 విలువ గల ఓటు: రాష్ట్రపతి అభ్యర్థిలో మన ఎమ్మెల్యే ఏం చూడాలి?

ద్రౌపదీ ముర్ము పదవీకాలం 2027 జులై 24తో ముగుస్తుంది. ఆ లోపే కొత్త రాష్ట్రపతి ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగం 62వ అధికరణ చెబుతోంది. ఈ ఎన్నిక వచ్చిన ప్రతిసారీ టీవీ చర్చలు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: ఈసారి ఏ కులం, ఏ రాష్ట్రం? హనుమకొండ చౌరస్తాలో అడిగితే వచ్చే జవాబు ఇంకా పొట్టిది: "మనం ఓటేసేది ఉందా, పెట్టేది ఉందా, మనకెందుకు?"

మనం నేరుగా ఓటెయ్యం, నిజమే. కానీ మనం వేసిన ఓటుతో గెలిచినవాళ్లు వేస్తారు. ఆ ఓటుకు ఖరారైన బరువు ఉంది. 1971 జనాభా లెక్కల్లో ఇప్పటి తెలంగాణ ప్రాంత జనాభా సుమారు 1.57 కోట్లు. దాన్ని 119 మంది ఎమ్మెల్యేలతో, ఆపైన వెయ్యితో భాగిస్తే ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 132 వస్తుంది. 2022లో ఎంపీ ఓటు విలువ 700. పాత వరంగల్ జిల్లాలో జనగామ నుంచి ములుగు దాకా 12 నియోజకవర్గాలు, అంటే 1,584. కరీంనగర్ 13, ఆదిలాబాద్ 10, నిజామాబాద్ 9 కలిపితే ఉత్తర తెలంగాణ నాలుగు పాత జిల్లాల్లో 44 మంది ఎమ్మెల్యేలు, 5,808. ఆదిలాబాద్, పెద్దపల్లి, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్, మహబూబాబాద్ ఎంపీలు ఆరుగురిని కలిపితే మొత్తం 10,008. దేశం మొత్తం మీద 2022లో లెక్క 10,86,431. మన వాటా నూటికి ఒకటి కూడా కాదు. ఈ బలంతో మనం ఎవర్నీ గెలిపించలేం, ఓడించలేం. అయినా మన ప్రతినిధులు ఏం చూసి ఓటేస్తున్నారని అడగడానికి రెండు గట్టి కారణాలు ఉన్నాయి.

మొదటిది, ఈ ఎన్నికలో విప్, అంటే ఫలానా వాళ్లకే వెయ్యాలన్న పార్టీ ఆదేశం, ఉండదు. రాజ్యసభ ఎన్నికలో ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించాలి. ఇక్కడ ఎవరికీ చూపించకూడదు. పార్టీ చెప్పినదానికి విరుద్ధంగా వేసినా సభ్యత్వం పోదు. కాబట్టి "పార్టీ చెప్పింది, వేశాను" అనే ఎమ్మెల్యే చట్టం తనకిచ్చిన స్వేచ్ఛను తానే వదులుకున్నట్టు.

రెండోది, రాష్ట్రపతి బల్ల మీదికి వెళ్లే కాగితాలు అన్నీ ఢిల్లీ వ్యవహారాలు కావు. గ్రూప్స్‌కు చదివే పిల్లలున్న ఇంట్లో "ప్రెసిడెన్షియల్ ఆర్డర్" అనే మాట తెలియనివాళ్లు ఉండరు. రాజ్యాంగం 371-డి అధికరణ కింద 2018లో వచ్చిన ఆ ఉత్తర్వు వల్లనే ఉద్యోగాల్లో స్థానికులకు 95 శాతం వాటా, ఏడు జోన్లు వచ్చాయి. పాత వరంగల్ జిల్లా నుంచే విడిపోయిన ములుగు కాళేశ్వరం జోన్‌లో పడింది, హనుమకొండ భద్రాద్రి జోన్‌లో పడింది. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివామన్న బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం పాత బడుల చుట్టూ తిరగాల్సి రావడం కూడా ఆ ఉత్తర్వు పుణ్యమే. ఏటూరునాగారం, తాడ్వాయి, కొత్తగూడ వైపు ఏది షెడ్యూల్డ్ ప్రాంతం, ఏది కాదు అని ప్రకటించే అధికారమూ ఐదో షెడ్యూలు కింద రాష్ట్రపతిదే. గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టం వర్తించే భూమి ఏదో ఆ హద్దును బట్టే తేలుతుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ బీసీ బిల్లులు. చదువు, ఉద్యోగాలతో పాటు స్థానిక సంస్థల్లో కూడా బీసీలకు 42 శాతం రిజర్వేషన్ ఇస్తూ మన శాసనసభ 2025 మార్చిలో బిల్లులు ఆమోదించింది. అవి రాష్ట్రపతి ఆమోదం కోసం వెళ్లాయి. సెప్టెంబరులో ప్రభుత్వం జీవో ఇచ్చింది, అక్టోబరులో హైకోర్టు ఆపింది, డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలు 50 శాతం పరిమితిలోనే జరిగిపోయాయి. అట్లా ఢిల్లీకి వెళ్లిన బిల్లు ఏమవుతుంది? 201వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ఆమోదించవచ్చు, నిరాకరించవచ్చు, లేదా మళ్లీ ఆలోచించమని సభకు తిప్పి పంపించవచ్చు. తిప్పి పంపితే సభ ఆరు నెలల్లో తేల్చాలి. రాష్ట్రపతికి మాత్రం గడువు లేదు. సభ రెండోసారి ఆమోదించి పంపినా సంతకం పెట్టి తీరాలని రాజ్యాంగంలో లేదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టింది. దానిమీద ముర్ము 143వ అధికరణ కింద కోర్టు అభిప్రాయం కోరారు. కోర్టులు అట్లా గడువు పెట్టలేవని నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఫైలు అసలు ప్రయాణం కేంద్ర హోంశాఖ మీదుగా, సంబంధిత శాఖల అభ్యంతరాల మీదుగా సాగుతుంది, రాష్ట్రపతి భవన్‌కు చివర్లో చేరుతుంది. ఆలస్యం ఎక్కువగా అక్కడే, ఆ మధ్యదారిలోనే.

ఇక్కడే ఒక మాట ఒప్పుకోవాలి. పైన చెప్పిన వాటిలో ఏదీ రాష్ట్రపతి సొంత ఇష్టంతో జరిగేది కాదు. 42వ సవరణ తర్వాత మంత్రిమండలి సలహా ప్రకారం నడవాల్సిందే. 44వ సవరణ, 1978లో, ఒక చిన్న సందు ఇచ్చింది: సలహాను ఒక్కసారి వెనక్కి పంపి, మళ్లీ ఆలోచించమని అడగవచ్చు. రెండోసారి అదే వస్తే సంతకం తప్పదు. అంటే రాష్ట్రపతి చేతిలో ఉన్న అసలు పనిముట్టు ప్రశ్న. అభ్యర్థి బలాబలాలు తూచాల్సిందీ దానిమీదే: సంతకం పెట్టేముందు అడిగే మనిషేనా?

ఏనుమాముల మార్కెట్లో పత్తి కొనేవాడు పైన కనిపించే తెల్లదనానికి ధర కట్టడు. లోపలికి చెయ్యి పెట్టి తేమ చూస్తాడు. అభ్యర్థిలో ఆ తేమ దొరికేది పాత పదవుల్లో పెట్టిన సంతకాల్లో. ముర్మునే తీసుకుందాం. 2022లో చర్చంతా తొలి ఆదివాసీ మహిళ అన్న విషయం చుట్టూనే తిరిగింది. అది చిన్న సంగతి కాదు. అదే ఏడాది డిసెంబరులో ఆమె భద్రాచలం, రామప్ప వచ్చినప్పుడు ఏజెన్సీ పల్లెల్లో కనిపించిన సంబరం ఉత్తిదీ కాదు. కానీ ఓటరుకు అంతకన్నా పనికొచ్చే వివరం ఝార్ఖండ్‌లో ఉంది. అక్కడ గవర్నరుగా ఉండగా, ఆదివాసీ భూముల కౌలు చట్టాలను సడలించే సవరణ బిల్లులను 2017లో ఆమె తిప్పి పంపారు. రాష్ట్రంలో ఉన్నది ఆమె నేపథ్యం ఏ పార్టీయో ఆ పార్టీ ప్రభుత్వమే. 1/70 అంటే ఏమిటో తెలిసిన ములుగు, మహబూబాబాద్ మనుషులకు ఆ నిర్ణయం బరువు ఎవరూ వివరించి చెప్పాల్సిన పని లేదు. 2022లో ఆ కోణంలో జరిగిన చర్చ చాలా తక్కువ.

ఒకే మనిషిలో బలం, బలహీనత రెండూ పక్కపక్కనే ఉంటాయనడానికి అబ్దుల్ కలాం మంచి ఉదాహరణ. 2006 మేలో లాభదాయక పదవుల బిల్లును ఆయన తిప్పి పంపారు. పార్లమెంటు అదే బిల్లును మళ్లీ ఆమోదించాక ఆగస్టులో సంతకం పెట్టారు. సందును సరిగ్గా వాడుకోవడమంటే అది. అదే కలాం అంతకు ఏడాది ముందు, 2005 మేలో, మాస్కో పర్యటనలో ఉండగా బిహార్ శాసనసభ రద్దు కాగితం అర్ధరాత్రి వస్తే తిప్పి పంపకుండా సంతకం చేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తర్వాత సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన మీద ఇక్కడి విద్యార్థులకున్న అభిమానం నిజమైనదే. దానివల్ల ఆ రాత్రి సంతకం ఒప్పయిపోదు.

పక్కన కె.ఆర్. నారాయణన్‌ను పెట్టి చూడండి. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని గుజ్రాల్ మంత్రివర్గం పంపితే తిప్పి పంపారు. 1998 సెప్టెంబరులో బిహార్ విషయంలో వాజపేయి మంత్రివర్గానికీ అదే జవాబు. రెండు ప్రభుత్వాలు వేర్వేరు శిబిరాలవి, ప్రశ్న ఒక్కటే. 1999 ఫిబ్రవరిలో రెండోసారి సలహా వచ్చినప్పుడు ఆయనా సంతకం పెట్టారు, పెట్టాలి కూడా. ఇటు చివర 1975 జూన్ 25 రాత్రి ఉంది. ఎమర్జెన్సీ ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేసేనాటికి మంత్రివర్గం అసలు సమావేశమే కాలేదు. మర్నాడు పొద్దున తీర్మానం చేశారు. "ముందు కేబినెట్ ముందు పెట్టి రండి" అని రాష్ట్రపతి ఆ రాత్రి కాగితాన్ని తిప్పి పంపలేదు.

సలహా చెప్పడానికి మంత్రిమండలే లేని సందర్భం ఇంకొకటి ఉంది: ఎవరికీ మెజారిటీ రాని లోక్‌సభ. అప్పుడు నిర్ణయం పూర్తిగా రాష్ట్రపతిదే. దీని ఫలితం మన వంగర పీవీకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 1991లో కాంగ్రెస్‌కు సొంత మెజారిటీ లేకపోయినా, అతిపెద్ద పార్టీ నాయకుడన్న లెక్కతో ఆర్. వెంకట్రామన్ ఆయన్ను పిలిచారు. ప్రభుత్వం అయిదేళ్లు నడిచింది. 1996లో శంకర్‌దయాళ్ శర్మ అదే లెక్కతో వాజపేయిని పిలిస్తే 13 రోజుల్లో పడిపోయింది. 1998లో నారాయణన్ పద్ధతి మార్చి, ముందు మద్దతు లేఖలు తెమ్మన్నారు. ఈ మూడింటిలో ఏది సరైనదో రాజ్యాంగంలో రాసి లేదు. అందుకే 2029 ఎన్నికల నాటికి కుర్చీలో ఉండబోయే మనిషిని 2027లో ఎన్నుకుంటున్నప్పుడు, గవర్నరుగానో స్పీకరుగానో పనిచేసిన అభ్యర్థి సంఖ్యలు తేలని సభను ఎట్లా నడిపారో తవ్వి చూడటం అన్నిటికన్నా ముఖ్యం. స్పీకరుగా చేసిన మనిషయితే ఫిరాయింపు పిటిషన్లను ఎన్నాళ్లు నానబెట్టారన్నది మంచి కొలత. తెలంగాణ ఓటరుకు ఆ నానబెట్టడం గురించి పాఠం చెప్పక్కరలేదు.

"మనోడు" అన్న కొలత ఎంత దూరం పనిచేస్తుంది? పెద్దగా లేదు. 1969లో నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి తలపడ్డారు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఈ ఎన్నికలో అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2 అని ప్రాధాన్య క్రమం వేస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక రెండో ప్రాధాన్యాలు లెక్కపెట్టాల్సి వచ్చిన ఎన్నిక ఇప్పటిదాకా అదొక్కటే: గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. 1977లో సంజీవరెడ్డి పోటీ లేకుండా గెలిచారు. 1979 ఆగస్టులో, లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసిన చరణ్‌సింగ్ సలహా మీద సభను రద్దు చేసి, జగ్జీవన్‌రాంకు బలం నిరూపించుకునే అవకాశం ఇవ్వలేదు. దానిమీద వాదన నేటికీ తెగలేదు. తెలుగువాడు కావడం వల్ల ఆ నిర్ణయంలో మంచి గానీ చెడు గానీ ఏమీ కలవలేదు. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణకు చెందిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి నిలబడితే, ఆంధ్రప్రదేశ్‌లోని ప్రధాన పార్టీలు ఎన్డీఏ అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్ వైపు నిలిచాయి. బీఆర్ఎస్ యూరియా కొరత మీద నిరసన అంటూ ఓటింగుకే దూరంగా ఉంది. 452-300 తేడాతో సుదర్శన్‌రెడ్డి ఓడారు. యూరియా కోసం చెప్పుల వరుసలు కట్టిన రైతు బాధ నిజమే. ఓటు వెయ్యకపోవడం వల్ల ఒక్క బస్తా అయినా ముందు వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

ఓటు బరువు గురించి చిన్న హెచ్చరిక. 2026 తర్వాత జరిగే తొలి జనగణన లెక్కలు ప్రచురితమయ్యే దాకానే 1971 జనాభా చెల్లుతుంది. రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. కొత్త లెక్కలు లేవు కాబట్టి 2011వే వేసి చూస్తే తెలంగాణ ఎమ్మెల్యే ఓటు 294, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 496. ఇప్పుడు 132, 208. యూపీ ఓటు వంద అనుకుంటే మనది 63 నుంచి 59కి జారుతుంది. జనాభా అదుపులో పెట్టినందుకు పడే ఈ కోత గురించి నియోజకవర్గాల పునర్విభజనలో గొడవ పడుతున్నాం, ఇక్కడ మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు.

ఇంత తూచి వేసిన ఓటు కూడా చెల్లకుండా పోవచ్చు. 2022లో 53 ఓట్లు చెల్లలేదు. వాటిలో 15 ఎంపీలవి, అంటే ఒక్కోటి 700 చొప్పున గంగపాలు. ఎమ్మెల్యేలకు గులాబీ రంగు బ్యాలెట్, ఎంపీలకు ఆకుపచ్చది. ఎన్నికల సంఘం ఊదారంగు సిరా పెన్ను ఒకటి చేతికిస్తుంది. దాంతోనే రాయాలి, జేబులోని సొంత పెన్నుతో రాస్తే ఆ ఓటు పోయినట్టే. నోటా ఉండదు, టిక్కు పెట్టకూడదు, సంతకం పెట్టకూడదు. మొదటి ప్రాధాన్యం తప్పనిసరి, మిగతావి ఇష్టం. ఇద్దరి పేర్ల పక్కన 1 వేసినా, ఒకే పేరు పక్కన 1తో పాటు 2 కూడా వేసినా చెల్లదు. ప్రాధాన్యం అంకెల్లోనే ఉండాలి. ఏ భారతీయ భాష అంకె అయినా సరే, కాబట్టి మన ఎమ్మెల్యే ౧ అని తెలుగు అంకె వేసినా లెక్కలోకి వస్తుంది. అదే "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే 132 పోతుంది.