వానకు షోకాజ్ నోటీసు

వాన మీద శాఖాపరమైన చర్య తీసుకోక తప్పదు. తొందరపడి అంటున్న మాట కాదిది. మన దేశంలో బడిపిల్లాడు ఆలస్యంగా వస్తే బయట నిలబెడతారు, గుమస్తా ఆలస్యంగా వస్తే జీతం కోస్తారు, ఆర్టీసీ బస్సు ఆలస్యంగా వస్తే నోటికొచ్చినట్టు తిడతారు. నైరుతి రుతుపవనాలు మాత్రం ఎప్పుడొచ్చినా, చెప్పకుండా ఎటు పోయినా, ‘ఆగమనం’ అనీ ‘విస్తరణ’ అనీ ‘నిష్క్రమణ’ అనీ మగపెళ్లివారి రాకపోకల్లా వర్ణిస్తాం. ఈ మర్యాదలే వాటిని చెడగొట్టాయి.

నిబంధనలు లేక కాదు. జూన్ 1 నాటికి కేరళలో రిపోర్టు చేయాలన్నది సర్వీసు రూలు. వచ్చేశామని వాటంతట అవి అనుకుంటే చాలదు. మే 10 తర్వాత, వాతావరణ శాఖ ఎంచుకున్న 14 కేంద్రాల్లో కనీసం 60 శాతం చోట్ల, వరుసగా రెండు రోజులు, రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గకుండా కురవాలి. పడమటి గాలి ఉండాలి. అది తగినంత ఎత్తు వరకు, తగినంత వేగంతో వీచాలి. భూమి నుంచి పైకి పోతున్న వేడి పరిమితికి లోబడే ఉందని ఉపగ్రహం ధ్రువీకరించాలి. ఇవన్నీ కుదిరే లోపు కుండపోతగా కురిసినా అది రుతుపవనాల వాన కాదు, అంతకుముందు పడిన ఏదో వాన. తడిసినవాళ్లు తడిశారు, గొడుగులు తిరగబడ్డాయి, కరెంటు పోయింది. ఫైలు ప్రకారం వాన ఇంకా డ్యూటీలో చేరలేదు.

ఇంత పకడ్బందీగా ఉన్నా 2025లో ఏమైంది? మే 24నే కేరళలో దిగిపోయాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. ఆ ఊపులోనే తెలుగు నేల మీదికీ వచ్చేశాయి. కొత్త ఉత్సాహంలే అని ఊరుకునేవాళ్లమే గానీ, ఈ అత్యుత్సాహం వల్ల రోహిణి కార్తెకు జరిగిన అన్యాయం మాటేమిటి? ఏటా మే 25 ప్రాంతంలో చార్జి తీసుకుని, మృగశిర వచ్చేదాకా రోళ్లు పగలగొట్టడం దాని హక్కు. ఆ ఏడు వచ్చి చూసుకునేసరికి సీట్లో వాన కూర్చుని ఉంది. ఒక్క రోలయినా పగల్లేదు. (ఇళ్లలో రోళ్లు ఎక్కడున్నాయని అడగకండి. మిక్సీ జారు పగులుతుందని ఏ సామెతా హామీ ఇవ్వలేదు.)

పోనీ ముందొచ్చినందుకు ముందే పని మొదలుపెట్టిందా అంటే అదీ లేదు. తొలకరిని నమ్మి పత్తి గింజ పెట్టిన రైతును జూన్‌లో నిలబెట్టేసి ఎటో వెళ్లిపోయింది. సెలవు చీటీ లేదు, ఇన్‌చార్జి ఎవరో చెప్పలేదు. మొలక మాడినచోట మళ్లీ గింజలు కొనాల్సి వచ్చింది. ప్రకృతిని మెచ్చుకున్నవాడు ఆ నెలలో విత్తనాల కొట్టాయన ఒక్కడే.

2023 ఫైలు ఇంకా బరువైనది. జులై 27 ఉదయానికి, ఒక్క రోజులో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. దేశం మొత్తానికి నాలుగు నెలల సగటు 87 సెంటీమీటర్లు. అంటే సీజను కోటాలో ముప్పావు వంతు దాకా ఒకే ఊళ్లో, ఒకే రోజు దించేసి చేతులు దులుపుకుంది. పక్కనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం డాబాలెక్కి హెలికాప్టర్ కోసం చూశారు. పక్క నెల, ఆగస్టులో, ఆకాశం ఖాళీ. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం అంత పొడి ఆగస్టును చూడలేదు. సీజను చివర అన్నీ కూడి, భాగించి చూస్తే సగటులో 94 శాతం వచ్చింది! ఇంటర్‌లో 94 వస్తే మన కాలేజీలు ఊరంతా ఫ్లెక్సీలు కడతాయి. వాతావరణ శాఖ అంచనాల పట్టిక ఇంకా కఠినం, 96కీ 104కీ మధ్య ఉంటేనే ‘సాధారణం’. ఆ నాలుగైదు వారాల్లో ఇల్లు మునిగినవాడూ చేను ఎండినవాడూ ఇద్దరూ సగటులో కలిసి క్షేమంగా ఉన్నారు.

దీనికి వాన తరఫున వినిపించే సంజాయిషీ ఎల్‌నినో. పసిఫిక్ మహాసముద్రం మధ్య నుంచి పెరూ తీరం దాకా నీళ్లు వేడెక్కాయట, అందుకని ఇక్కడ కురవడం కుదరలేదట. క్రిస్మస్ రోజుల్లో వస్తుందని పెరూ జాలర్లు ఆ వేడికి బాలయేసు పేరు పెట్టుకున్నారు. ఎక్కడి పెరూ, ఎక్కడి పెద్దపల్లి! 1904లో మన వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ అనే గణితజ్ఞుడు, సముద్రానికి ఆ చివరా ఈ చివరా గాలి పీడనం ఒకచోట పెరిగితే రెండోచోట తగ్గుతుందని లెక్కలు వేసి తేల్చాడు. తప్పు చేసింది ఇక్కడైనా కారణం విదేశాల్లో ఉందని చూపే సౌకర్యం మనకు అప్పుడే దక్కింది.

పర్యవేక్షణ లోపమా అంటే, వాన మీద మనకు రెండో ప్రభుత్వం కూడా ఉంది. ఉగాదినాడు పంచాంగం ప్రకటించే మంత్రివర్గంలో రాజు, మంత్రి, సేనాధిపతి, సస్యాధిపతి, మేఘాధిపతి, అందరూ ఉంటారు. కురవబోయేదాంట్లో సముద్రానికి ఎంత, కొండలకు ఎంత, భూమికి ఎంత అని పంపకాలూ ఆరోజే అయిపోతాయి. మేఘాధిపతి గారు ఆ తర్వాత ఎవరికీ దొరకరు. నీరసాధిపతి అని ఇంకొకాయన ఉన్నారు. ఏ ఆఫీసుకు వెళ్లి చూసినా, ఏడాది పొడుగునా శ్రద్ధగా పనిచేస్తున్నది ఆయన శాఖ ఒక్కటే అని తెలుస్తుంది.

ఇవన్నీ చిన్న తప్పులు. అసలు అభియోగం ఆక్రమణ. వెలగలేరు దగ్గర బుద్ధిగా మళ్లింపు కాలువలోకి తిరిగి కృష్ణలో కలవమని బుడమేరు వాగుకు ఉత్తర్వులున్నాయి. 2024 సెప్టెంబరు 1న అది గట్లు తెంచుకుని నేరుగా బెజవాడ సింగ్‌నగర్‌లో కాపురం పెట్టింది. కృష్ణే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది, నేనెక్కడికి పోను అన్నది దాని వాదన. ఆ వాదన చెల్లదు. ఇళ్లున్నచోటికి నీళ్లు రాకూడదు. నీళ్లున్నచోటికి ఇళ్లు వెళ్లవచ్చు, దానికి క్రమబద్ధీకరణ పథకం ఉంది, ఫీజు కడితే చాలు.

పాతవాళ్లకు ఇంత అనుభవం లేదు పాపం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ఊడ్చేస్తే, నిజాం ప్రభుత్వం కంగారుపడి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించుకుంది. ఆయన సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టించేసింది. అంత ఖర్చు అవసరమా? ‘కనీవినీ ఎరుగని వర్షం’ అని ఒక ప్రెస్‌మీట్ పెట్టి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నాలుగు ఫొటోలు దిగితే సరిపోయేది. 2020 అక్టోబరులో 19 సెంటీమీటర్లు పడినప్పుడు మనం ఎంత నిబ్బరంగా ఉన్నామో చూశారు కదా.

కాబట్టి నోటీసు జారీ కావాలి. ఏడు రోజుల్లో సంజాయిషీ రాకపోతే ఇన్‌క్రిమెంట్ కోత. ఒక్కటే చిక్కు, నోటీసు ఏ చిరునామాకు పంపాలన్నది. రెవెన్యూ రికార్డులు తిరగేస్తే శాశ్వత నివాసం ఊరి చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే జాగా, అని ఉంది. కాగితం పట్టుకుని వెళ్లిన అటెండరుకు అక్కడ పదిహేను అంతస్తుల ‘లేక్ వ్యూ’ కనిపించింది. లేక్ లేదు, వ్యూ ఉంది. వాన అనేవారు ఇక్కడ ఉంటారా అని అడిగితే వాచ్‌మన్ రిజిస్టరు తీసి తిరగేశాడు.

“ఫ్లాట్ నంబరు చెప్పండి సార్.”

“నంబరు లేదయ్యా, మొత్తం స్థలమే వాళ్లది.”

“ఓ, వాళ్లా? రాత్రి సెల్లార్‌లోకి వచ్చారు. అసోసియేషన్ వాళ్లు మోటారు పెట్టి బయటికి పంపిస్తున్నారు. మీకు ఏమైనా బాకీనా?”