ఆ పాప ప్రశ్నకు జవాబు చెప్పి ఉండాల్సింది

మా అమ్మాయి చదివే బడిలో గత నెల జరిగిన సభలో ఒక వక్త ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే భారత నౌకాదళ పడవ యాత్ర గురించి మాట్లాడారు. ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆ తెరచాప పడవలో బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించి, 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగి గోవా చేరారని చెప్పగానే చప్పట్లు మోగాయి. వర్తికా జోషి నాయకత్వం వహించిన ఆ బృందంలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారనగానే ఇంకా గట్టిగా మోగాయి. అప్పుడు నాలుగో తరగతి పాప ఒకతె లేచి, "వాళ్లు స్నానం ఎలా చేసేవాళ్లండీ?" అని అడిగింది. పెద్దలు నవ్వారు, టీచరు కూర్చోమన్నారు.

ఆ నవ్వు నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఆడవాళ్ల స్నానం మాట వినగానే ఇబ్బందిపడి నవ్వేయడం మనకు అలవాటైపోయింది గాని, ఆ సభలో అడగాల్సిన అసలైన ప్రశ్నను ఆ పిల్లే అడిగింది.

తారిణి పొడవు సుమారు 17 మీటర్లు, అంటే దాదాపు ఒకటిన్నర సిటీ బస్సు. న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ నుంచి దక్షిణ అమెరికా దగ్గరి ఫాక్లాండ్ దీవుల్లోని పోర్ట్ స్టాన్లీ వరకు 41 రోజులు ఆరుగురూ ఆ ఇరుకులోనే బతికారు. ఇలాంటి పడవల్లో మంచినీళ్లు తాగడానికి, వంటకు పోగా మిగిలేది తక్కువ కాబట్టి, ఒంటికి సముద్రపు నీళ్లో వాన నీళ్లో దిక్కు. మామూలు సబ్బు ఉప్పునీటిలో సరిగా నురగ రాదు. దక్షిణాన చలి ముదిరితే తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే స్నానం. ఉప్పునీటిలో తడిసిన బట్ట ఆరినట్టే కనిపిస్తుంది గాని, ఉప్పు గాలిలోని తేమను పీల్చడంతో మళ్లీ చెమ్మగిల్లి, మెడ దగ్గర, మణికట్ల దగ్గర ఒరుసుకుని పుండ్లు పడతాయి.

పడవ ఎటు ఒరిగినా గిన్నె తొణకకుండా పొయ్యిని ఊగేలా అమరుస్తారు, వండే మనిషి మాత్రం నడుముకు పట్టీ కట్టుకుని నిలబడాలి. నిద్రలో దొర్లిపోకుండా పడకకు అడ్డంగా గుడ్డ బిగిస్తారు. ఆ నిద్రయినా తెల్లవార్లూ ఉండదు, వంతు రాగానే చీకట్లో లేచి, చెమ్మ కోటు తొడుక్కుని, ఒంటికి తాడు తగిలించుకుని చుక్కాని దగ్గరికి వెళ్లాలి.

దక్షిణ అమెరికా దక్షిణ కొసన, భీకర గాలులకు పేరుపడ్డ కేప్ హార్న్‌ను వాళ్లు దాటిన ఘట్టాన్ని వక్త ఎంతో ఉత్సాహంగా వర్ణించారు, అందులో తప్పు లేదు. అయితే అంతకు ముందు నెల రోజులకు పైగా తిండి, నిద్ర, ఒంటి శుభ్రత ఎవరూ చెడగొట్టుకోకుండా చూసుకున్నందువల్లే వాళ్లు ఆ గాలుల్లో తెరచాప సకాలంలో కుదించగలిగారని, ముడి తప్పు వేయకుండా ఉండగలిగారని నేను గట్టిగా నమ్ముతాను. తిరుగు ప్రయాణంలో హిందూ మహాసముద్రంలో చుక్కాని యంత్రాంగం పాడైతే మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఆగి బాగుచేయించుకున్నారు. ఆ సంగతిని వక్త ఎత్తనే లేదు. పిల్లలకు చెప్పవలసినవి ఇవే కదా!

ఆ పాప ఇల్లు మా వీధి చివరే. ఈ ఆదివారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, స్నానం సంగతి మొదలుకొని అన్నీ చెప్పి వస్తాను.