టెక్నాలజీ ఎంత పెరిగిపోయిందో కదమ్మా!

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూప్ మ్యూట్ చేసి వచ్చాను. ఎనిమిది గంటలకా, వారానికా అని అడిగితే ఎప్పటికీ అని నొక్కాను.

జరిగింది చిన్న విషయమే. కుర్చీలో ముడుచుకుని పడుకున్న మా పిల్లి బొమ్మ గీసి పెట్టాను. గ్రాఫిక్స్ టాబ్లెట్ మీద, అంటే కంప్యూటర్‌కి తగిలించిన పలక మీద పెన్నుతో గీసింది. నాలుగు లైకులు వస్తే సంతోషిద్దామనుకున్నాను, అంతకుమించి ఏ ఆశా లేదు. మొదటి రిప్లై మా పిన్ని కూతురిది: "అక్కా సూపర్! ఏ యాప్? ఫోటో పెడితే అదే గీసేస్తుందా?" సరే, చిన్నపిల్ల కదా అని వదిలేశాను. (చిన్నపిల్ల అంటే ఉద్యోగం చేస్తోంది, అయినా నాకు చిన్నపిల్లే.) ఆ వెనకాలే బాబాయ్ దిగారు. "టెక్నాలజీ ఎంత పెరిగిపోయిందో కదమ్మా!" దాని కింద వరసగా చప్పట్ల ఎమోజీలు. ఆ చప్పట్లు నాకనుకునేరు, టెక్నాలజీకి.

ఆగండి, ఇంకా ఉంది. బొమ్మలు గీయడానికి నేను వాడే క్రిటా అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డర్ అని ఒకటుంది, 5.0 వెర్షన్ నుంచి ఇస్తున్నారు. మనం గీస్తున్నంతసేపూ కాన్వాస్‌ని ఎప్పటికప్పుడు దాచిపెట్టి చివర్లో వీడియో చేసి ఇస్తుంది. పోనీ రుజువు చూపిద్దామని అదీ పెట్టాను. తెల్ల పేజీ, గజిబిజి స్కెచ్, చెరపడాలు, మళ్ళీ గీయడాలు, కుర్చీ కాలు వంకరొచ్చి మొత్తం తీసేసి మొదలుపెట్టడం, అన్నీ ఉన్నాయందులో. బాబాయ్ ఓపిగ్గా చివరిదాకా చూశారు. చూసి ఏమన్నారో తెలుసా? "నిమిషంలో గీసేసిందే! కంప్యూటర్ అంటే అదీ!"

బాబాయ్, దాన్ని టైమ్‌లాప్స్ అంటారు. శని, ఆదివారాలు రెండూ మెడ పట్టేసేదాకా కూర్చుని గీసిన దాన్ని నిమిషానికి కుదించారు.

అసలు ఏం పెరిగిపోయిందట? పెన్నుతో ఇక్కడ రాస్తే తీగ ద్వారా వెళ్ళి దూరంగా ఉన్న యంత్రంలో అదే రాత పడే టెలాటోగ్రాఫ్‌కి ఎలిషా గ్రే అనే ఆయన 1888లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ లైట్ పెన్నుతో కంప్యూటర్ తెర మీద గీతలు గీసి చూపించాడు, దాని పేరు స్కెచ్‌ప్యాడ్. ఆ మరుసటి ఏడాదే పలక మీద పెన్నుతో రాసే రాండ్ టాబ్లెట్ వచ్చింది. అంటే ఈ టెక్నాలజీ మా బాబాయ్ నిక్కర్లేసుకున్నప్పటి నుంచీ పెరుగుతూనే ఉంది. ఇన్నేళ్ళు పెరిగినా నా పిల్లికి ఒక్క మీసం గీసిపెట్టే ఓపిక దానికి రాలేదు మరి.

మీసాల సంగతి చెబుతాను వినండి. పిల్లి మీసం మొదట్లో కాస్త లావుగా ఉండి, పోనుపోను సన్నబడి, చివర ఎక్కడ ఆగిందో తెలియకుండా మాయమవాలి. వేళ్ళతో నెమ్మదిగా లాగితే గీత వణుకుతుంది. మణికట్టు కదలనివ్వకుండా మోచేతి నుంచి ఒక్క ఊపున విసరాలి. విసురుతూనే పెన్ను మీద ఒత్తిడి తగ్గించుకుంటూ పైకి లేపెయ్యాలి. తొందరపడితే మీసం సగంలో తెగిపోతుంది, ఆలస్యమైతే చివర మొద్దుబారుతుంది. ఒక్కొక్క మీసానికీ గీయడం, కంట్రోల్ జెడ్ కొట్టి ఆ గీత తీసెయ్యడం (దాన్నే అండూ అంటారు), మళ్ళీ గీయడం. ఎడమచేతి రెండు వేళ్ళు ఆ రెండు కీల మీదే అతుక్కుపోయాయి. ప్లాస్టిక్ నిబ్ ఒక పక్కకి అరిగి ఏటవాలుగా తయారైంది. ఇదంతా టెక్నాలజీ చేసిందట.

"అండూ ఉంటే ఎవరైనా గీస్తారు" అనేవాళ్ళున్నారు, వాళ్ళకో దండం. అండూ తప్పు గీతని తీసేస్తుంది అంతే. దాని బదులు సరైన గీత ఎక్కడి నుంచి వస్తుంది, ఆకాశం నుంచా? హార్మోనియం కొన్నవాళ్ళందరికీ పాట వచ్చేసినట్టు మాట్లాడతారు.

పైగా నాది తెర ఉన్న టాబ్లెట్ కూడా కాదు. బల్ల మీద నల్ల పలక, చెయ్యి దాని మీద, కళ్ళేమో ఎదురుగా మానిటర్ మీద. ఎప్పుడైనా మీ చేతిని చూడకుండా మీ పేరు రాసి చూశారా? మొదట్లో నేను కన్ను గీస్తే అది చెవి దగ్గర తేలేది. మొదలుపెట్టిన చోటికి వచ్చి గుండ్రం మూసుకునేదే కాదు. దానికితోడు ఇంకో చిక్కు: పలక కొలతల నిష్పత్తి, తెర నిష్పత్తి ఒకటి కాకపోతే చేత్తో సరైన గుండ్రం గీసినా తెర మీద కోడిగుడ్డు పడుతుంది. డ్రైవర్ (టాబ్లెట్‌ని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లోకి వెళ్ళి నిష్పత్తి సరిచూసుకోవాలని ఏ వీడియోలోనూ ముందు చెప్పరు. వాళ్ళు "హాయ్ ఫ్రెండ్స్, ముందు ఒక సర్కిల్ గీసుకోండి" అంటారు, రెండో నిమిషానికి ఆ సర్కిల్‌లోంచి కనురెప్పల నీడలతో సహా మొహం వచ్చేస్తుంది. మధ్యలో ఏం జరిగిందయ్యా అంటే "ఇప్పుడు రెండర్ చేసుకుందాం" అట, అంటే వెలుగునీడలు దిద్దడం. ఆ ఒక్క ముక్కలోనే కదా మొత్తం విద్య ఉంది!

సిస్టమ్ అప్‌డేట్ల గురించి మొదలుపెడితే ఈ పోస్టు తెల్లారదు. రాత్రి నిక్షేపంగా పనిచేసిన పెన్ను పొద్దున్నే ఒత్తిడి గుర్తించడం మానేస్తుంది. ఎంత నొక్కినా, ఎంత తేలిగ్గా తాకించినా ఒకే లావు గీత. పాత డ్రైవర్ తీసెయ్, రీస్టార్ట్ చెయ్, కొత్తది ఎక్కించు, మళ్ళీ రీస్టార్ట్ చెయ్. గీద్దామని దాచుకున్న సాయంత్రం అలా కరిగిపోతుంది. టెక్నాలజీ తన వంతుగా చేసిన సాయం అదొక్కటే, ఆ చప్పట్లేవో అప్పుడు కొట్టాల్సింది.

ఇంకో బ్యాచ్ ఉంది, "మంచి టాబ్లెట్ కొనుక్కో, ఆటోమేటిగ్గా బాగా వస్తుంది" అనేవాళ్ళు. డబ్బా మీద 8192 ప్రెషర్ లెవెల్స్ అని కొట్టొచ్చినట్టు రాస్తారు కదా, అది చూసి చెబుతారు. ఆ 8192 మెట్లు కొలిచేది నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కుతోందనే! చేతికి తేలిగ్గా, గట్టిగా అన్న తేడా తెలియకపోతే ఎన్ని మెట్లుంటే ఏం లాభం? నా పెన్నులో బ్యాటరీ కూడా లేదు, పలక లోపలి తీగచుట్టల అయస్కాంత క్షేత్రం నుంచే దానికి శక్తి వస్తుంది. అంత తెలివైన ఏర్పాటుకి నేనూ దండం పెడతాను, కాదనను. కానీ అది పెన్ను ఎక్కడుందో, ఎంత నొక్కారో కంప్యూటర్‌కి చెబుతుంది. పిల్లి తోక ఏ వైపు తిరగాలో చెప్పదు కదా.

ఇక స్టెబిలైజర్ వాడితే మోసం అనే పెద్దమనుషులు. వణికే గీతని కాస్త సాఫీ చేస్తుంది, దానికింత రాద్ధాంతం. స్కేలు పెట్టి గీత గీసినవాణ్ణి ఎవరైనా పోలీసులకి పట్టించారా?

సరే, ఇదంతా పక్కన పెట్టండి. నా మంట నిజానికి ఈ పిల్లి బొమ్మది కాదు. లోగోది.

నేను టాబ్లెట్ కొన్న కొత్తల్లో ఇదే బాబాయ్ ఫోన్ చేశారు. ఆయన స్నేహితుడు ట్రైనింగ్ సెంటర్ పెడుతున్నారట, లోగో కావాలట. "నీ దగ్గర ఆ పెన్ను ఉందిగా, ఐదు నిమిషాల పని." ఐదు నిమిషాల పని చేశాను. నీలం రంగులో కళ లేదన్నారు, మార్చాను. పేరు పెద్దది చెయ్యమన్నారు. చేస్తే బొమ్మ చిన్నదైపోయిందన్నారు. ఎందుకైనా మంచిది ఇంకో పది రకాలు చూపించమన్నారు. చూపించాను. చివరికి మొట్టమొదట చేసిందే బాగుందన్నారు. డబ్బుల మాట ఎవరూ ఎత్తలేదు, సొంతవాళ్ళ దగ్గర అవేం మాటలు!

పెద్ద సైజు ఫైలు మెయిల్ చేసి, ప్రింటింగ్‌కి ఇదే ఇవ్వండి బాబాయ్ అని రెండుసార్లు చెప్పాను. ఆయనేం చేశారు? గ్రూప్‌లో చూడ్డానికని పెట్టిన బుల్లి బొమ్మ, ఫార్వర్డ్ అయి అయి నలిగిపోయిన దాన్ని తీసి బ్యానర్ వేయించారు. ఆ బొమ్మలో ఉండేవి పిక్సెళ్ళు. ఉన్న కాసిని చుక్కల్నే గోడంత సాగదీస్తే అంచులన్నీ మెట్లు మెట్లుగా తేలవా? తేలాయి. ప్రారంభోత్సవానికి నేనూ వెళ్ళాను. ఎవరో బ్యానర్ చూసి ఇదేంటండీ మసగ్గా ఉంది అంటే, బాబాయ్ నవ్వుతూ నా భుజం తట్టి అన్నారు: "మా అమ్మాయే చేసింది, ఇంకా నేర్చుకుంటోంది లెండి."

చూశారా? మీసాలు బాగా వస్తే టెక్నాలజీ పెరిగిపోయింది. బ్యానర్ మసకబారితే మా అమ్మాయే చేసింది. ఆ రోజు టెక్నాలజీ ఎక్కడికి పోయింది బాబాయ్, సెలవు పెట్టిందా?

ఆ కోపంలోనే ఇంక్‌స్కేప్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నేర్చుకుని అదే లోగోని వెక్టర్‌లో మళ్ళీ గీశాను. అందులో గీతలు లెక్కల రూపంలో ఉంటాయి, గోడంత సాగదీసినా, కొండంత సాగదీసినా అంచు చెక్కుచెదరదు. అద్భుతంగా వచ్చింది, నా నోటితో నేనే చెప్పుకుంటున్నాను. ఈమధ్య వాళ్ళకి కొత్త బోర్డు కావాలట, "ఆ లోగో ఇంకోసారి పంపమ్మా" అని మెసేజ్ పెట్టారు. గ్రూప్‌లో పైకి స్క్రోల్ చేసుకుంటే దొరుకుతుంది బాబాయ్, అక్కణ్ణుంచే తీసుకోండి అన్నాను.