మహారాజశ్రీ సేఫ్టీ కారు గారికి

మహారాజశ్రీ సేఫ్టీ కారు గారి సముఖమునకు, ఫార్ములా వన్ రేసుల కోసం ఆదివారం రాత్రుళ్లు మేలుకొని సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడే ఒక ప్రేక్షకుడు వ్రాసుకొను విన్నపము.

ట్రాక్ మీద ఎవరో ఒకరు గోడను గుద్దుకోగానే నెత్తిన నారింజ దీపాలు మెరిపిస్తూ తమరు వేంచేస్తారు. అంతవరకు ఒకరినొకరు తరుముకుంటున్న కార్లన్నీ బుద్ధిగా తమరి వెనుక వరుస కడతాయి. అనుమతి లేనిదే తమరిని దాటిపోయే హక్కు ప్రపంచ ఛాంపియన్‌కైనా లేదు. విరిగిన ముక్కలు ఏరుతున్న మార్షల్స్ అనే ట్రాక్ సిబ్బంది ప్రాణాలు కాపాడటం తమరి ఉద్యోగ ధర్మం. దానికి నేను వంక పెట్టడం లేదు. నా మనవి అంతా తమరు చడీచప్పుడు లేకుండా చేసే రెండో ఉద్యోగం గురించి, అంటే తలరాతలు తిరగరాయడం గురించి. నలభై ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ నలభై చుట్లు, ఒళ్లు హూనం చేసుకొని ఒకడు కూడబెట్టుకున్న పదిహేను సెకన్ల ఆధిక్యం తమరి రాకతో హారతి కర్పూరమవుతుంది. అందరూ నెమ్మదిగా నడుస్తున్న ఆ సమయంలో పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కనున్న మరమ్మతుల చోటికి, వెళ్లి టైర్లు మార్చుకునేవాడికి మామూలు రోజుల్లో అయ్యే నష్టంలో చాలా భాగం మిగిలిపోతుంది. అప్పటికే టైర్లు మార్చుకున్నవాడు మాత్రం నోరు వెళ్లబెట్టి చూడాలి.

అసలు తమరి తొలి దర్శనమే అపశకునంతో మొదలైంది. 1973లో కెనడాలోని మోస్‌పోర్ట్‌లో వాన పడి, ఆరి, అందరూ టైర్ల కోసం పిట్‌లోకి పోయి వస్తూ ఎవరు ముందో ఎవరు వెనుకో లెక్క తెలియని వేళ, తమరు పసుపు పచ్చని పోర్షే 914 అవతారంలో దిగి, ముందున్నవాడిని వదిలేసి వేరొక కారు ముందు నిలబడ్డారు. విజేత పీటర్ రెవ్‌సన్ అని తేల్చడానికి నిర్వాహకులు కాగితాలు ముందేసుకొని గంటల తరబడి తలలు పట్టుకున్నారు. ఆ దెబ్బకు తమరిని నిబంధనల్లో శాశ్వతంగా చేర్చుకోవడానికి 1993 దాకా వెనకాడారంటే నేనైతే ఆశ్చర్యపోను.

ఇక 2008 సంగతి. ఆ సెప్టెంబరులో సింగపూర్‌లో మొట్టమొదటి రాత్రి రేసు. ఫెరారీ డ్రైవర్ ఫెలిపే మసా అందరికంటే ముందు దూసుకుపోతున్నాడు. రెనో జట్టుకు చెందిన నెల్సన్ పికే జూనియర్ 14వ ల్యాపులో గోడను గుద్దుకున్నాడు, తమరు వచ్చారు. పదిహేనో స్థానంలో మొదలుపెట్టి, అంతకు రెండు ల్యాపుల ముందే పిట్ పని ముగించుకున్న సహచరుడు ఫెర్నాండో అలొన్సోకు రొట్టె విరిగి నేతిలో పడింది. మసా తక్కినవాళ్లతో పాటు పిట్‌లోకి వచ్చాడు. ఇంధనం ఇంకా ఎక్కుతుండగానే ఫెరారీ వాళ్ల సిగ్నల్ దీపం పచ్చగా వెలిగింది. కారు కదిలింది, పైపు ఊడలేదు. పిట్ దారి పొడవునా ఆ లావుపాటి గొట్టాన్ని తోకలా ఈడ్చుకుంటూ పోయి మసా చివర్లో ఆగిపోయాడు. మెకానిక్కులు హెల్మెట్లతో సహా పరుగెత్తుకొచ్చి, నలుగురూ కలిసి దాన్ని పెరికితే గాని కారుకు విముక్తి కలగలేదు. మసా పదమూడో స్థానంలో ముగించాడు. సున్నా పాయింట్లు.

ఏడాది చివర ఛాంపియన్‌షిప్ లెక్కలు తీస్తే పోటీదారు లూయిస్ హామిల్టన్‌కు 98 పాయింట్లు, మసాకు 97. తక్కినవన్నీ యథాతథంగా ఉంచి, ఆ రాత్రి మసా ఎనిమిదో స్థానంలో వచ్చి ఒక్క పాయింటు తెచ్చుకున్నా ఇద్దరూ సమానమయ్యేవారు. అప్పుడు ఎక్కువ రేసులు గెలిచినవాడిగా, ఆరుకు ఐదు తేడాతో, కిరీటం మసాకే దక్కేది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, అలొన్సోకు మేలు చేయడానికి పికే కావాలనే గుద్దాడన్న నిజం 2009లో బయటపడింది. రెనో పెద్దలు పదవులు వదులుకున్నారు, ఫలితం మాత్రం చెక్కు చెదరలేదు. మసా తర్వాత లండన్ హైకోర్టు మెట్లెక్కాడు. తమరి పేరు మాత్రం ఏ దావాలోనూ ప్రతివాదిగా కనిపించదు.

పాపమంతా తమరిదేనని నేను అనను. తిలా పాపం తలా పిడికెడు. హంగరీలో మూడు ల్యాపులు మిగిలి ఉండగా, ముందున్న మసా కారు ఇంజిన్ పేలిపోవడంలో తమరి ప్రమేయం లేదు. బెల్జియంలో హామిల్టన్ మొదట గీత దాటిన రేసును స్టూవర్డులు అనే రేసు తీర్పరులు 25 సెకన్ల శిక్ష వేసి మసా చేతిలో పెట్టిన సంగతినీ దాచకూడదు. బ్రెజిల్‌లో జరిగిన ఆఖరి రేసులో మసా గెలిచి, ఫెరారీ గ్యారేజీలో అతని వాళ్లు గంతులేస్తున్న ఆ అరనిమిషం పైచిలుకు వ్యవధిలో, వానలో పొడి ట్రాక్‌కు వాడే టైర్లతో జారుతూ వస్తున్న టిమో గ్లాక్‌ను చివరి మలుపుల దగ్గర హామిల్టన్ దాటి, తనకు కావలసిన అయిదో స్థానం అందుకున్నాడు.

ఇక్కడ తమరి వకీళ్లు లేచి, అదృష్టం అందరికీ సమానంగా సర్దుకుంటుందని వాదిస్తారు. 2007లో హామిల్టన్ రెండు రేసులు మిగిలి ఉండగా కిమి రైకొనెన్ కంటే 17 పాయింట్లు ముందుండి, చైనాలో పిట్ దారి పక్కన కంకరలో కూరుకుపోయి, బ్రెజిల్‌లో గేర్‌బాక్స్ మొరాయించి, ఒక్క పాయింటుతో ఓడాడు కదా, మరుసటి ఏడాది ఒక్క పాయింటుతో గెలిచాడు కదా, చెల్లుకు చెల్లు అంటారు. చాలా చక్కని లెక్క, కాకపోతే అప్పు పుచ్చుకున్నది ఒకరి దగ్గర, తీర్చింది ఇంకొకరి చేత. ఆ బ్రెజిల్ విజయం తర్వాత మసా జీవితంలో మరో రేసు గెలవలేదు. మరుసటి ఏడాది హంగరీలో ముందు కారు నుంచి ఊడిన స్ప్రింగు వచ్చి హెల్మెట్‌కు తగిలి ఆసుపత్రి పాలయ్యాడు. అతని ఖాతా ఎవరు సర్దారో తమరి వకీళ్లు సెలవివ్వాలి.

2021కి వచ్చేసరికి తమరికి బాగా చేయి తిరిగింది. ఆగస్టులో బెల్జియంలో కుండపోత వానలో కార్లు నడిచినంతసేపూ తమరి వెనుకే నడిచాయి. ఎవరూ ఎవరినీ దాటలేదు. దాన్నే రేసు అని ప్రకటించి సగం పాయింట్లు పంచారు, మాక్స్ వెర్‌స్టాపెన్‌కు 12.5, హామిల్టన్‌కు 7.5. చివరి రేసుకు ఇద్దరూ చెరి 369.5 పాయింట్లతో వచ్చారంటే, ఆ అరలు తమరి ప్రసాదమే.

డిసెంబరు 12న అబుదాబిలో హామిల్టన్ పది సెకన్లకు పైగా ముందున్నాడు. 58 ల్యాపుల రేసులో 53వ ల్యాపు నడుస్తుండగా నికోలస్ లతీఫీ గోడను గుద్దుకున్నాడు. ఛాంపియన్‌షిప్‌తో ఏ సంబంధమూ లేని మనిషి. తమరు వచ్చారు. వెర్‌స్టాపెన్ పిట్‌లోకి పోయి కొత్త మెత్తని టైర్లు వేయించుకున్నాడు; పోతే ఆధిక్యం పోతుందన్న భయంతో హామిల్టన్ 14వ ల్యాపులో వేసిన అరిగిన గట్టి టైర్లతోనే ఉండిపోయాడు. ల్యాపు వెనుకబడిన కార్లు దాటరాదని మొదట చెప్పారు, తర్వాత వీరిద్దరి మధ్య ఉన్న ఐదింటిని మాత్రం పొమ్మన్నారు, తమరిని తొందరగా ఇంటికి పంపారు. మిగిలిన ఒక్క ల్యాపులో అయిదో మలుపు దగ్గర వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ను దాటేశాడు, పని అయిపోయింది. మూడు నెలల తర్వాత, ఈ రేసులకు పెద్ద దిక్కైన ఎఫ్‌ఐఏ సంస్థ విచారణ అది మానవ తప్పిదమేనని, ఫలితం మారదని తేల్చింది. బాకూలో గెలుస్తుండగా టైరు పేలి, హంగరీలో ఎవరో గుద్దిన కారుతో కుంటుకుంటూ వచ్చిన వెర్‌స్టాపెన్‌కు ఆ ఏడాది కిరీటం అన్యాయమని నేననను. అయినా అతను దాన్ని అందుకున్న దారి తమరు వేసినదే.

ఇన్ని చేసినా తమరి పేరు ఎవరూ ఎత్తరు. గెలిచినవాడు మైకు ముందు నిలబడి వ్యూహం, జట్టు కృషి, అమ్మానాన్నల త్యాగం అంటాడు. అదే సంఘటనను ఓడినవాడి శిబిరంలో గ్రహచారం అంటారు. తమరి ఆటలు సాగని ఏడాదులూ ఉన్నాయి లెండి. 2023లో వెర్‌స్టాపెన్ 22 రేసుల్లో 19 గెలిచి, రెండో స్థానం వాడి కంటే 290 పాయింట్లు ముందు నిలిచినప్పుడు తమరు రోజూ వచ్చినా చేయగలిగింది ఏమీ లేదు. తమరి మహిమ కనబడాలంటే ఇద్దరు సమఉజ్జీలు కావాలి. ఒకటి రెండు పాయింట్ల ఎడం ఉన్నచోటే లతీఫీలకు, పైపులకు, వాన చినుకులకు విలువ.

కాబట్టి ఎఫ్‌ఐఏ వారికి నేను పెట్టుకుంటున్న అర్జీని తమరు బలపరచవలెను. ఛాంపియన్‌షిప్ ట్రోఫీ మీద ప్రతి విజేత సంతకం చెక్కుతారు. 2000 నుంచి తమరిని నడుపుతున్న బెర్న్డ్ మైలాండర్ గారు ఎందరో డ్రైవర్ల కంటే ఎక్కువ ల్యాపులు అందరికీ ముందు నడిచినా ఒక్క పాయింటుకూ నోచుకోలేదు. కనీసం 2021 సంతకం పక్కన తమరి టైరు గుర్తు చిన్నదిగా చెక్కించాలి. చోటు చాలదంటే వెర్‌స్టాపెన్ గారు కాస్త సర్దుకుంటారనే నా నమ్మకం. ఆ సాయంత్రం ఆయనకు చోటివ్వడానికి ఐదుగురు జరిగారు కదా.

ఇట్లు,
తమరి వెనుకే నిలిచిపోయిన
ఒక ప్రేక్షకుడు