ఒకే బల్ల, రెండు బిల్లులు

మా బావమరిది బెంగళూరులో ఆరేళ్ళు ఉద్యోగం చేసి హైదరాబాదుకు బదిలీ మీద వచ్చాడు. వచ్చిన మొదటి ఆదివారమే, గుత్తివంకాయ కూర వడ్డిస్తున్న వాళ్ళక్క చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే ఒక మాటన్నాడు.

"బావా, మంచి పిజ్జా, దానికి సరిజోడు, చిన్న బట్టీల్లో కాచే క్రాఫ్ట్ బీరు. ఈ రెండూ కలిసి దొరికే బల్ల మీ ఊళ్ళో ఒక్కటి చూపించు. నా పేరు మార్చుకుంటా."

"పేరు సంగతి తర్వాత. కూర చల్లారిపోతోంది," అంది మా ఆవిడ.

ఆవిడకు విషయ తీవ్రత అర్థం కాలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో అద్దె కట్టి, తర్వాత ఈఎమ్ఐ కట్టి, నాలాలు పొంగినప్పుడు మోకాళ్ళ దాకా ఈదినవాణ్ణి నేను. నాకు ఊరి పరువు ముఖ్యం. అదే సాయంత్రం అన్వేషణ సంఘం వేశాను. ఖర్చు నాది కాబట్టి అధ్యక్షుణ్ణి నేనే. సాంకేతిక సలహాదారు మా వాడు. మూడో సభ్యుడు పై ఫ్లాటు సూపరింటెండెంటు గారు, నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. బీరులో 90 శాతానికి పైగా నీళ్ళే గనక వ్యవహారం తమ శాఖ పరిధిలోకే వస్తుందని ఆయనే దిగి వచ్చారు. మినిట్సు రాసే బాధ్యత కూడా తీసుకున్నారు. పచ్చరంగు అట్ట రిజిస్టరు ఇంట్లోనే ఉందట.

మొదటి సమావేశంలో మా వాడు సిద్ధాంతం చెప్పాడు. పిజ్జా ముద్దలో ఉండేవి నాలుగే: మైదా, నీళ్ళు, ఉప్పు, ఈస్టు. బీరులోనూ నాలుగే: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నీళ్ళు, హాప్స్ అనే తీగకు కాసే పువ్వు, ఈస్టు. పిండిని పొంగించేదీ, ఏల్ రకం బీర్లను పులియబెట్టేదీ ఒకే జాతి ఈస్టు, సాకరోమైసిస్ సెరెవిసియే. "అందుకే అంత బాగా కలుస్తాయి బావా," అన్నాడు.

సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీశారు. "అంటే ఇద్దరిదీ ఒకటే గోత్రం. మరి సగోత్రం అయితలేదా?"

సంఘం మూగబోయింది. జాతకాలు కలిశాయి, కట్నం కుదిరింది, తీరా లగ్నపత్రిక రాసే వేళ గోత్రం దగ్గర ఆగిపోయిన సంబంధాలు మా వంశంలోనే మూడున్నాయి. మా వాడు పది నిమిషాలు ఫోనులో తల దూర్చి ఒక దారి కనిపెట్టాడు. లాగర్ రకం బీరులోని ఈస్టు వేరు. చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టే ఆ ఈస్టును పాస్టోరియానస్ అంటారు. అది సెరెవిసియేకూ, యూబయానస్ అనే మరో ఈస్టుకూ పుట్టిన సంకరం.

"అట్లయితే మేనరికం," అంటూ ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "మేనరికం చేస్కోవచ్చు. వైన్స్ల దొరికే లైట్ బీరు లాగరే గదా? ఇంకేం తిరుగుడు?"

ఆయన అభిప్రాయాన్ని నమోదు చేసుకుని పక్కన పెట్టాం. తిరక్కుండానే నివేదిక ఇచ్చిన సంఘం ఈ దేశంలో ఒక్కటీ లేదు, ఆ చెడ్డపేరు మాకెందుకు?

మొదటి పర్యటన జూబ్లీహిల్స్. అక్కడ ఒకాయన కట్టెల పొయ్యి మీద అచ్చం ఇటలీలోని నేపుల్స్ పద్ధతిలో పిజ్జా కాలుస్తాడని వినికిడి. ఆ పద్ధతి అల్లాటప్పాది కాదు. పొయ్యి దాదాపు 480 డిగ్రీల వేడి మీద ఉండాలి, పిజ్జా 60 నుంచి 90 సెకండ్లలో బయటికి రావాలి. నేపుల్స్ పిజ్జా వస్తాదుల విద్యను 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. మా అమ్మమ్మ అట్లకాడ మాత్రం ఇప్పటికీ ఏ జాబితాలోనూ లేదు, అది వేరే కమిటీ పని.

మార్గరిటా పిజ్జా వచ్చింది. అంచులు బూరెల్లా పొంగి, వాటి మీద చిరుతపులి మచ్చల్లా నల్లటి బొబ్బలున్నాయి. నడుమ టమాటా గుజ్జులో తెల్లటి చీజు ముద్దలు, రెండు తులసిలాంటి ఆకులు. సూపరింటెండెంటు గారు వేలితో ఒక బొబ్బను గీకి చూశారు.

"మాడింది గద. వాపస్ పంపుండ్రి."

"అది చార్ సార్. అలాగే ఉండాలి," అన్నాడు వెయిటరు.

"మా ఇంట్ల రొట్టె గిట్ల మాడితే నేను చార్ అనుకోవాల్నా?"

ముక్క ఎత్తితే నడుమ భాగం వానలో తడిసిన గొడుగులా వాలిపోయింది. ఆయన చలించలేదు. మసాలా దోసెలా చుట్టి రెండు గుటకల్లో పని ముగించి, జేబులోంచి రిజిస్టరు కాగితం తీసి "రుచి: బాగుంది. ఆరోపణ: మాడు" అని రాసుకున్నారు. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా ఉంది. మా వాడి కళ్ళు చెమర్చాయి కూడా. వణికే గొంతుతో బీరు మెనూ అడిగాడు.

"మా దగ్గర బార్ లైసెన్సు లేదు సార్. కొంబుచా ఉంది, పులియబెట్టిన టీ."

మొత్తం కథ ఇదే. పిజ్జా ఉన్నచోట బీరుండదు. బీరున్నచోట సంగతి కూడా చెబుతాను.

రెండో పర్యటన గచ్చిబౌలి దాటాక, ఒక అద్దాల మేడలోని మైక్రోబ్రూవరీకి, అంటే అక్కడే బీరు కాచి అక్కడే పోసే చోటికి. తెలంగాణలో ఇలాంటి వాటికి నియమావళి వచ్చింది 2015లో. బీరు ఎలా ఉండాలో జర్మనీలోని బవేరియా ప్రభువులు 1516లోనే చట్టం చేశారు. ఓ అయిదు వందల ఏళ్ళు ఆలస్యమైతే అయింది, మన ఫైళ్ళ సంగతి తెలిసినవాళ్ళకు ఇది మెరుపువేగమే. తాగి బండి నడపకూడదు, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. అందుకని సంఘం మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్ళి అక్కణ్ణించి ఆటో ఎక్కింది. ఆటో చార్జీ కూడా మినిట్సులో ఉంది.

గాజు వెనక రాగిరంగు గంగాళాలు, ముందు డీజే. ఒక చెక్కపలక మీద ఆరు చిట్టి గ్లాసులు పెట్టి తెచ్చారు, రుచి చూడ్డానికి. ఒక్కోదాంట్లో తీర్థమంత. ఆ రాత్రి సాంకేతిక సలహాదారు ఒకటి చెప్పడం, సూపరింటెండెంటు గారు ఇంకొకటి రాసుకోవడం జరిగాయి. రెండూ నిజమే.

మొదటిది హెఫెవైజెన్, గోధుమ బీరు. అరటిపండు, లవంగం వాసనలు. అరటిపండు వేయలేదు, ఆ ఈస్టు తత్వమే అంత అని మా వాడు. "సత్యనారాయణ వ్రతం ప్రసాదం" అని రిజిస్టరు. రెండోది బెల్జియం విట్, ఇందులో నారింజ తొక్క, ధనియాలు నిజంగానే వేస్తారు. "చారు. పోపు మరిచిన్రు." స్టౌట్ నల్లగా ఉంటుంది, మాడేదాకా వేయించిన బార్లీ వల్ల. ఆయన వాసన చూసి "మళ్ళ మాడే!" అన్నారు గానీ గ్లాసు ఖాళీ చేసి కాఫీ డికాషను పద్దులో వేశారు. తర్వాత ఐపీఏ. ఇండియా పేల్ ఏల్. ఇంగ్లండులో కాచి, హాప్స్ దండిగా దట్టించి, ఓడల మీద ఇండియాకు పంపిన బీరు. పేరులో మనమున్నాం, తాగింది దొరలు. ఆయన ఒక్క గుటక వేసి చాలాసేపు సీలింగు వైపు చూశారు.

"ఉగాది పచ్చడిల వేపపువ్వు ఒక్కటే వేసి, తక్కిన అయిదు రుచులు దొరలు దాచుకున్నరు."

మిగతా రెండు గ్లాసుల్లో ఏముందో రిజిస్టరులో లేదు. డీజే మోత పెరిగింది, ఆయన చేతివ్రాత తగ్గింది.

బీరు మాత్రం శుభ్రంగా ఉంది, ఆ మాట దాచను. ఇక పిజ్జా. మెనూలో చిల్లీ చికెన్‌కూ క్రిస్పీ కార్న్‌కూ నడుమ, బస్సులో చివరి సీటు దొరికినవాడిలా ఇరుక్కుని ఉంది. పేరు చికెన్ 65 పిజ్జా. దిండంత మందం రొట్టె, దాని మీద కరివేపాకుతో సహా 65, పైన దుప్పటిలా చీజు. ఒక మూల ఎత్తితే పైనున్నదంతా ఒక్క పలకగా జారి బల్ల మీద పడింది. కెచప్ సాచెట్లు ఎనిమిది ఇచ్చారు. మా వాడు ఆ పలక వంక చూసి బెంగళూరు పేరు ఒకసారి తలుచుకున్నాడు.

అసలు దెబ్బ బిల్లు దగ్గర తగిలింది. ఒక బల్ల, ఒక వెయిటరు, బిల్లులు రెండు. తిండికి ఒకటి, తాగుడుకొకటి. తప్పు హోటలుది కాదు, రాజ్యాంగానిది. 366వ అధికరణంలో (12ఎ) చదవండి: జీఎస్టీ అంటే వస్తువుల మీదా సేవల మీదా వేసే పన్ను, మనుషులు తాగే మద్యం మీద తప్ప. అంచేత పిజ్జా మీద 5 శాతం జీఎస్టీ, బీరు మీద రాష్ట్రం వేసే వ్యాట్. నేపుల్స్ పిజ్జాకు యునెస్కో పట్టం కట్టిన 2017లోనే, జూలై 1న ఈ విడాకులు అమల్లోకి వచ్చాయి. పిజ్జా కాపురంలో మాత్రం శాంతి ఉందా అంటే అదీ లేదు. వంటనూనె కలిపిన మోజరెల్లా టాపింగును చీజు అనడానికి వీల్లేదు, 18 శాతం కట్టాల్సిందే అని 2023లో హర్యానా జీఎస్టీ అప్పీలు అథారిటీ తేల్చింది. పెద్దమనుషులు కూర్చుని, ముక్క పట్టుకుని, ఇది చీజా కాదా అని వాదోపవాదాలు విని తీర్పు చెప్పారన్నమాట. మా సంఘం పనికిమాలినదన్న వాళ్ళకు ఈ సంగతి విన్నవించుకుంటున్నాను.

ఇక 47వ అధికరణం. రాజ్యం మద్యనిషేధానికి ప్రయత్నించాలని అందులో ఉంది. ప్రయత్నం జరుగుతూనే ఉంది. మద్యం టోకు వ్యాపారమంతా సర్కారు కార్పొరేషను చేతిలోనే పెట్టుకుని మరీ ప్రయత్నిస్తున్నారు.

సంబంధం తప్పిపోవడం ఇష్టం లేక మూడో పర్యటనలో నేనొక ఎత్తు వేశాను. జూబ్లీహిల్స్ పిజ్జాను ఫోను మీద గచ్చిబౌలి బ్రూవరీకే తెప్పించాను. పిల్లను మగపెళ్ళివారి ఊరికి తీసుకెళ్ళి చేస్తే తప్పేముంది? డెలివరీ కుర్రాడు కేబుల్ బ్రిడ్జి మీద ఇరుక్కుని, యాభై నిమిషాలకు వచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ డబ్బా పట్టేసుకున్నాడు.

"బయటి ఫుడ్డు లోపలికి పోదు సార్."

"పోనీ రెండు గ్లాసుల బీరు సీసాలో పోసి బయటికిస్తారా?" అని లోపల అడిగాను. ఇవ్వరట.

డబ్బాను అతను తన ప్లాస్టిక్ కుర్చీలో, రెండు హెల్మెట్ల నడుమ పెట్టాడు. మా బల్ల కిటికీ పక్కనే. లోపల మా చేతుల్లో హెఫెవైజెన్, బయట కుర్చీలో మార్గరిటా, మధ్యలో గాజు. పెళ్ళిపీటల మీద వధూవరుల మధ్య అడ్డుతెర పడతారే, అచ్చం అదే. ముహూర్తం దాటిపోతోంది, తెర దించే పురోహితుడు లేడు. మూత సందులోంచి ఆవిరి సన్నగా, ఇంకా సన్నగా వచ్చి ఆగిపోవడం మేం ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. సూపరింటెండెంటు గారు లేచి బయటికి వెళ్ళారు. సెక్యూరిటీతో ఏదో మాట్లాడారు. అతను ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో చాయ్ పోశాడు. ఇద్దరూ డబ్బా తెరిచి, నిలబడే, చెరో రెండు ముక్కలు తిన్నారు. మేం గాజుకు ఇవతల గ్లాసులు పట్టుకుని చూశాం.

ఆయన తిరిగొచ్చాక, ఎలా ఉందన్నాడతను అని అడిగాను.

"ఉప్పు తక్కువైందట."

మినిట్సులో ఆ రాత్రి పద్దు ఒక్క వాక్యమే ఉంది: "వధువును కాపలాదారు స్వీకరించెను." కింద భిన్నాభిప్రాయం అని విడిగా శీర్షిక పెట్టి, లాగర్, మేనరికం, వైన్స్ అన్న తన మొదటి మాటనే మూడోసారి రాసుకుని సంతకం చేశారు. మా వాడు సంతకం చేయనన్నాడు. విమానం టికెట్టు కొనిస్తే సంఘాన్ని బెంగళూరు తీసుకెళ్తానంటున్నాడు. ఆ ఫైలు మా ఆవిడ దగ్గర పెండింగులో ఉంది.

నాలుగో సమావేశం శనివారం మా మేడ మీద అనుకున్నాం. లైట్ బీర్లు మూడు, ఫోను మీద ఒక పిజ్జా, మా ఇంటి డ్రాయరులో ఎన్నేళ్ళుగానో పోగుపడిన ఒరెగానో పొట్లాలు. కానీ శనివారం సూపరింటెండెంటు గారు ముట్టరు, వెంకటేశ్వరస్వామి మొక్కు. ఆదివారానికి మార్చాం.