పల్లి చేలో పామాయిల్ చెట్టు

ప్రపంచీకరణ అనగానే మనవాళ్లకు హైటెక్ సిటీ అద్దాల మేడలే కళ్లముందు కదులుతాయి. పాలమూరు పల్లెల్లోకి అది వంటింటి దారిన, నూనె ప్యాకెట్ రూపంలో వచ్చింది. ముప్పై ఏళ్లలో వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, గద్వాల చుట్టుపక్కల పల్లి (వేరుశనగ) రైతు నడ్డి విరిచిన వాటిలో ఆ ప్యాకెట్‌ది పెద్ద వాటా. ఇప్పుడు అదే రైతు గడపకు ఆయిల్‌పామ్ మొక్క తెచ్చి, నూనె దిగుమతులు తగ్గించాలి, దేశం కోసం నాటు అంటున్నారు. నా కోపమంతా ఇక్కడే.

కొంచెం వెనక్కి వెళదాం. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. 1990ల తొలి ఏళ్లకు దేశం తినే నూనెలో దాదాపు అంతా ఇక్కడే పండింది. 1994లో పామోలిన్‌ను (శుద్ధి చేసిన పామాయిల్‌ను) ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చన్నారు. సుంకం 65 శాతం. మరుసటి ఏడాదికే అది 30కి దిగింది, 1998కల్లా 15కి వచ్చింది. మిషన్ ఫలితాలు పొలంలో నిలదొక్కుకోకముందే గేట్లెత్తేశారన్నమాట. ఇవాళ మనం వాడే వంటనూనెలో సగానికి పైగా ఓడల్లో వస్తోంది. ఇండోనేషియా, మలేషియాల పామాయిల్, అర్జెంటీనా, బ్రెజిల్ సోయా, రష్యా, ఉక్రెయిన్ పొద్దుతిరుగుడు కలిపి ఏటా సుమారు 160 లక్షల టన్నులు. దానికి కడుతున్నది లక్షన్నర కోట్ల రూపాయలకు పైనే.

దిగుమతి నూనె పేదవాడికి మేలు చేయలేదని నేను అనను. ముప్పై ఏళ్ల కిందట మనిషికి ఏడాదికి ఆరేడు కిలోల నూనె అందేది, ఇప్పుడు ఇరవైకి దగ్గరైంది. ముంబయి, పుణె బస్సులెక్కి మట్టి పనికి పోయిన మా జిల్లా కూలీలు డేరాల ముందు కూర వండుకున్నది ఆ చవక నూనెతోనే. పండగకు తప్ప పొయ్యి మీద బాణలి ఎక్కని ఇళ్లు మా ఊళ్లో ఉండేవి. కాబట్టి ఓడలు ఆపేయమని నేను అడగడం లేదు. కాకపోతే ఆ చవక నూనె ఖర్చును ఎవరి జేబులోంచి తీశారన్నది చూడాలి.

"డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ఒప్పందాలున్నాయి, మన చేతులు కట్టేశారు" అని టీవీ చర్చల్లో తరచూ చెబుతారు. పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కును భారత్ ఆ ఒప్పందంలోనే ఉంచుకుంది. సోయా నూనెకు మాత్రం 45 శాతం దగ్గర గీత గీశారు. అది చిక్కే, పామాయిల్‌ను ఆపితే సోయా వచ్చి పడుతుంది. అయినా ఆ 45 దాకా వెళ్లడానికి కూడా మనవాళ్లకు మనసు రాదు. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మూల సుంకాన్ని 20 శాతం చేశారు. రైతులు యాసంగి పల్లికి దుక్కులు సిద్ధం చేసుకుంటున్న రోజులవి, చాలామంది సంతోషించారు. 2025 మే చివర, వానాకాలం విత్తనాలకు తయారవుతున్న వేళ, దాన్ని 10కి దించేశారు. ధర ఎక్కితే ఢిల్లీకి వినియోగదారుడు గుర్తొస్తాడు, దిగినప్పుడు రైతు గుర్తుకు రాడు. ఒకటి రెండు పంటలు కూడా నిలవని సుంకాన్ని నమ్మి ఎవరు విత్తనం వేస్తారు?

2024-25కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 6,783 రూపాయలు. ఆ సీజన్‌లో మా ఇంటి కాయ ఐదున్నర వేల లోపే పోయింది. తేమ ఉందన్నారు, గింజ సన్నమన్నారు, తాలు ఎక్కువన్నారు. ఇంటికి తిరిగి మోసుకుపోతే కిరాయి దండగ కదా, ఇచ్చేశాం. మరి అదే కాయ నుంచి తీసిన నూనె పట్నంలో గానుగ నూనె అని బోర్డు పెట్టి ఎంతకు అమ్ముతున్నారో మీకే తెలుసు.

మనకు నూనె పంపే దేశాలు ఏం చేశాయో చూడండి. అవీ వలసపాలన చూసిన దేశాలే. మలేషియా (అప్పటికింకా మలయా) 1956లో ఫెల్డా అనే సంస్థ పెట్టి, భూమి లేని కుటుంబాలకు తలా పదెకరాల చొప్పున తోటలు కేటాయించింది. ముడి నూనె ఎగుమతికి పన్ను ఎక్కువ, శుద్ధి చేసిన దానికి తక్కువ వేసి ఫ్యాక్టరీలను తమ గడ్డ మీదే నిలిపింది. ఇండోనేషియాదీ అదే దారి. 2022 ఏప్రిల్‌లో తమ జనానికి నూనె చాలకపోతే ఎగుమతులే ఆపేసింది. మూడు వారాలకు పైగా ఒక్క చుక్క కదలనివ్వలేదు. మార్కెట్ స్వేచ్ఛ గురించి వాళ్లకు ఉపన్యాసాలు ఇవ్వడం ఎవరి వల్లా కాలేదు. (ఆ చెట్టుకు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఒకప్పుడు పామాయిల్ ఎగుమతిలో మొదటి స్థానంలో ఉన్న నైజీరియా ఇవాళ దాన్ని కొనుక్కుంటోంది. పుట్టింటి పేరు చెప్పుకుంటే కడుపు నిండదు.)

ఇక ఆయిల్‌పామ్. 2021లో కేంద్రం 11,040 కోట్లతో మిషన్ ప్రకటించింది. ఎకరానికి దిగే నూనె లెక్కన అది పల్లి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఇందులో వాదన లేదు. అశ్వారావుపేట, దమ్మపేట రైతులు దానితో బాగుపడ్డారు, సంతోషం. వాళ్ల వానలు వేరు. ఎండాకాలంలో ఒక్కో చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్లకు పైగా నీళ్లు కావాలి. ఎకరాకు 57 చెట్లు. ఏప్రిల్‌లో మా బోర్లు దగ్గుతుంటే ఈ లెక్క ఎవరు పూడుస్తారు? కల్వకుర్తి కాలువ నీరు చివరి చెరువుదాకా చేరని ఏడాది సంగతేమిటి?

నీళ్ల మాట పక్కన పెట్టినా, నాలుగో ఏడాదికి గాని గెల చేతికి రాదు. కోసిన గెల ఒక్క రోజులో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె చెడిపోతుంది. ఏ మండలం గెల ఏ కంపెనీకి పోవాలో ముందే పంచేశారు, వేరేచోట అమ్ముకునే వీలు లేదు. గెల ధరను అంతర్జాతీయ పామాయిల్ ధరకు ముడిపెట్టారు. ముప్పై ఏళ్లు పల్లి రైతును ఆ ధరే దెబ్బ తీసింది. ఇప్పుడు అతన్ని నేరుగా దానికే కట్టేస్తున్నారు. పల్లి అయితే నాలుగు నెలల్లో ఇంటికొస్తుంది. కాయ తెంపిన కట్టె పశువులకు మేత, నూనె తీశాక మిగిలిన చెక్క పాడి గేదెలకు దాణా, భూమిలో మిగిలిన నత్రజని పై పంటకు బలం. ధర తప్పితే వచ్చే ఏడు మినుములు వేసుకోవచ్చు. ఆయిల్‌పామ్ నాటితే ఇరవై ఐదేళ్లు చెట్టు అక్కడే ఉంటుంది.

గద్వాల దగ్గర బీచుపల్లిలో సహకార రంగంలో పల్లి నూనె మిల్లు ఉండేది. ఎప్పుడో మూతపడింది. ఆ మిల్లు స్థలంలో ఆయిల్‌పామ్ ఫ్యాక్టరీ పెట్టాలని ప్రతిపాదించారు. పల్లి మిల్లును నడిపించడానికి దొరకని డబ్బు దీనికి ఎక్కడినుంచి దొరుకుతోంది?

మా చిన్నాయన రెండెకరాల్లో మొక్కలు పెట్టించాడు. మొక్కలు చిన్నవి కాబట్టి మధ్యలో ఏం వేస్తావని అడిగితే, "ఇంకేముంది, పల్లే" అన్నాడు. పూట గడిచేది దానితోనే మరి. సబ్సిడీ మాత్రం చెట్టుకు.

అధికారులకు నేను అడిగేది పెద్దది కాదు. మా కాయ జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది. కొనుగోలు కేంద్రాలు డిసెంబరులోనే తెరవండి, మార్చిలో తెరిస్తే అప్పటికి సరుకు వ్యాపారి గోదాములో ఉంటుంది. తేమ కొలిచే యంత్రం రైతు కళ్లముందు పెట్టండి. సుంకం మార్చాలంటే విత్తనం వేసే ముందే చెప్పి, కాయ అమ్ముడయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి.