రెండు సంతకాలకు ఐదు వేలా?

ఇంకా కోపం తగ్గలేదు, టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి.

నేను సీఏని, అంటే చార్టర్డ్ అకౌంటెంట్‌ని. గంట క్రితం ఆఫీసుకి ఒక చుట్టం వచ్చాడు. దూరపు వరస, బాబాయ్ అవుతాడు. కొడుకు అమెరికా వీసాకి నెట్‌వర్త్ సర్టిఫికెట్, అంటే అప్పులు పోను ఇంటి ఆస్తి ఎంతో సీఏ రాసిచ్చే కాగితం, కావాలట. అంకెలు ఇంటి దగ్గరే రాసుకొచ్చాడు. రెండెకరాల మెట్ట, రెండు కోట్లు. బంగారం 150 కాసులు. "ఇంట్లో అంత ఉందా బాబాయ్?" అన్నాను. "మీ పిన్నిది, వాళ్లమ్మది, రేపొద్దున కోడలు తెచ్చేది, అన్నీ కలిపి వేసెయ్‌రా" అన్నాడు. కుర్రాడికి ఇంకా వీసానే రాలేదు, కోడలి నగలు మాత్రం ఆస్తుల పట్టికలోకి వచ్చేశాయి.

పొలం కాగితాలు, బంగారానికి వాల్యుయేషన్ రిపోర్టు తెమ్మన్నాను. ఫీజు ఐదు వేలన్నాను. అంతే, లేచాడు. "రెండు సంతకాలకు ఐదు వేలా? మా తాత ఊరంతటికీ లెక్కలు రాశాడు, పైసా పుచ్చుకోలేదు. ఆయనేం సీఏ చదివాడని?" మా దగ్గర ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేస్తున్న పిల్లలు ముగ్గురూ ల్యాప్‌టాప్‌ల వెనక తలలు దాచుకుని నవ్వుకుంటున్నారు.

తాతగారు కరణం, ఊరి భూముల లెక్కలు రాసేవాడు. సరే, కరణాల దగ్గరే మొదలుపెడదాం.

ఏ సెంటు ఎవరిదో, ఏ చేనుకి శిస్తెంతో, అడంగల్‌లో ఏముందో అంతా ఆయన నోట్లోనే ఉండేది. పనిమంతులే, కాదనను. కానీ ఆ పని పరీక్ష రాసి తెచ్చుకున్నది కాదు, తండ్రి తర్వాత కొడుక్కి వచ్చేది. రాసింది మళ్లీ తిరగేసి చూసే దిక్కు ఊళ్లో ఉండేది కాదు. పై నుంచి జమాబందీకి, అంటే ఏటా శిస్తు లెక్కల తనిఖీకి, వచ్చిన అధికారి భోజనం కూడా కరణంగారింట్లోనే అని మా నాన్న చెబుతుంటాడు. పైసా పుచ్చుకోలేదట! కరణాన్ని సాటి కరణమే నమ్మితే ఏమవుతుందో సుమతీ శతకంలో పద్యమే ఉంది, బాబాయ్ ఆ పేజీ చింపేసినట్టున్నాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులే ఎత్తేసింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లినా తిరిగి రాలేదు.

మా పని తాతలిచ్చింది కాదు బాబాయ్. సెమినార్‌కి వెళ్తే ప్రతివాడూ 1494లో వెనిస్‌లో పచోలి జంటపద్దు లెక్కల మీద పుస్తకం అచ్చేశాడని మొదలుపెడతాడు, వినీ వినీ చెవులు తుప్పుపట్టాయి. లేకపోతే కౌటిల్యుడు. ఆయన మాత్రం నాకిష్టం. సర్కారు సొమ్ము తినేయడానికి నలభై దారులు లెక్కపెట్టి మరీ రాశాడు. ఏడాది లెక్కలు ఆషాఢానికి తెచ్చి అప్పజెప్పమన్నాడు. మన ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్నులకి జులై 31 అంటారు, ఆషాఢం ఎటూ పోలేదు. కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింటికెళ్తారు, మేం ఆఫీసులో పడుకుంటాం.

'చార్టర్డ్' అన్న మాట స్కాట్లాండులోని ఎడిన్‌బరోది, 1854లో అక్కడి అకౌంటెంట్లకి రాణిగారు చార్టర్ (అధికార పత్రం) ఇచ్చారు. మనకి ఏ రాణీ ఏ పత్రమూ ఇవ్వలేదు, 1949లో చట్టం చేసుకున్నాం, పేరు మాత్రం వాళ్లదే ఉంచుకున్నాం. అంతకుముందు బొంబాయిలో 1918 నుంచి అకౌంటెన్సీ డిప్లొమా ఉండేది, 1930ల్లో రిజిస్టర్డ్ అకౌంటెంట్లు అనేవాళ్లు. 1949 జులై 1న మా సీఏల ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. రాజ్యాంగం అమల్లోకి రాకముందే ఆడిటర్ వచ్చాడు. ఇప్పుడు అదే తేదీని జీఎస్టీకి కూడా ఇచ్చారు, పుట్టినరోజు కానుక.

ఎందుకొచ్చాడు ఆడిటర్? సంతకాలు పెట్టడానికా? 1878లో సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంకు మునిగింది. బ్యాలెన్స్ షీటులో అంకెలు మార్చి డివిడెండ్లు పంచారు. వాటాదారులకి అపరిమిత బాధ్యత, అంటే బ్యాంకు అప్పులు సొంత ఆస్తులమ్మి అయినా తీర్చాలి, 1,819 మందిలో 254 మంది మాత్రమే దివాలా తీయకుండా మిగిలారు. మరుసటేడే బ్యాంకులకి ఆడిట్ తప్పనిసరి చేశారు. ఎవడో ఒకడు "కుదరదు" అనాలని పెట్టారు. బాబాయ్‌కి కూడా నేనన్నది అదొక్కటే.

అయినా గ్లాస్గో దాకా ఎందుకు, మన హైదరాబాదు లేదూ! 2009 జనవరి 7. కంపెనీ పేరేమో సత్యం, పుస్తకాల్లో ఉన్న నగదులో 5,040 కోట్లు అబద్ధం. నేను అప్పుడు ఆర్టికల్స్‌లో ఉన్నాను. నాకు శిక్షణ ఇచ్చే సార్ మమ్మల్నందర్నీ క్యాబిన్‌లోకి పిలిచి, టీవీ సౌండ్ తగ్గించి, అరగంట క్లాసు పీకారు. బ్యాంక్ బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకోవాలి, క్లయింటు చేతుల మీదుగా వచ్చిన కాగితం నమ్మకూడదు, అన్నిటికన్నా ముందు నిజాయితీ, అన్నారు. ఆయన అలా చెబుతుంటే నా ప్యాంటు జేబులో ఒక కవరుంది. అందులో ఆరు వందలు.

చెప్పకూడదనుకున్నాను గానీ చెప్పేస్తున్నా. నా స్టైపెండు నెలకి వెయ్యి. రూల్ ప్రకారం బ్యాంకులోనే వేసేవారు. మర్నాడు నేనే డ్రా చేసి ఆరు వందలు కవర్లో పెట్టి సార్ టేబుల్ మీద, పేపర్‌వెయిట్ కింద పెట్టాలి. మూడేళ్లు అలాగే. పుస్తకాల్లో స్టైపెండు పక్కాగా ఉంటుంది, ఏ ఆడిటరూ పట్టుకోలేడు. ఒకప్పుడు ఇంగ్లండులో ఆర్టికల్డ్ క్లర్కులే గురువుకి ఎదురు డబ్బు కట్టి చేరేవారట. వాళ్లు నయం, రసీదైనా ఉండేది. నిజాయితీ గురించి ఆ అరగంట విన్నాక కూడా వెళ్లి ఆ కవరు పెట్టొచ్చాను చూడండి, అదీ నా బాధ. ఎదురు చెబితే ఆర్టికల్స్ పూర్తయినట్టు సంతకం పెట్టడేమోనని టెన్షన్. ఎటు తిరిగినా మళ్లీ సంతకమే!

ఇప్పుడు నా దగ్గరున్న ముగ్గురికీ స్టైపెండు పూర్తిగా ఇస్తున్నాను. అందుకే బాబాయ్, ఐదు వేలు. పైగా ఇప్పుడు ప్రతి సర్టిఫికెట్ మీదా యూడీఐఎన్ అని 18 అంకెలు, అక్షరాల నంబరు వెయ్యాలి. వీసా ఆఫీసు వాళ్లు అది కొట్టి చూస్తే ఇచ్చింది ఎవరో బయటపడుతుంది. కోడలి నగలకి నేను జవాబు చెప్పాలి.

ఇది టైప్ చేస్తుండగానే బాబాయ్ వాట్సాప్. "వేరే ఆడిటర్ రెండు వేలకే ఇచ్చేశాడు, నేర్చుకో." కింద ఫోటో. బంగారం 150 కాసులు, స్టాంపు, పచ్చ ఇంకుతో సంతకం. పేరు కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టాడు. యూడీఐఎన్ దగ్గర వేలు పెట్టలేదు. అక్కడ ఖాళీ.